పదును

మధ్యాన్నం కూడు తిన్నాక షెడ్డులో
ఎవరమూ మాట్లాడం, ఆకు ఏరతాం.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
ఆకు ఒక్కసారి జారితే చాలు,
బ్రైటో మీడియమో లోగ్రేడో
కళ్ళకంటే ముందు నా వేళ్ళు చెప్పేవి.
ముప్పైరెండు సీజన్లు.
కొండపి చుట్టుపట్ల ఎవర్నన్నా అడగండి,
మాలకొండమ్మ పదునంటే పదునే అంటారు.

పోయిన ఫాల్గుణంలో
కోటిరెడ్డి బేలు టంగుటూరు వేలం నుంచి వెనక్కొచ్చింది.
విప్పితే నట్టనడుమ బూజు,
నానిన గోనెపట్టా వాసన.
తడి ఆరని ఆకుని
పదునుకొచ్చిందని చెప్పింది నేనే.
కోటిరెడ్డి ఒక్క మాటా అనలా.
"వయసమ్మా" అన్నాడు మేస్త్రి,
చెడిన కట్టలు నా ముందే పక్కకి పెడతా.

వయసే అనుకున్నా.
ఆ తర్వాత ఒకరోజు
చెప్పు ఒకటి రోడ్డుమీద జారిపోతే
తెలీకుండా ఇంటిదాకా నడిచొచ్చా.
రాత్రయితే అరికాళ్ళ కింద
ఎవరో ఊక పరిచినట్టుంటది.
జాకెట్టు హుక్కు పెట్టించుకోడానికి
పక్కింటి మీరాబీని కేకేయాల్సొచ్చింది.

సింగరాయకొండ డాక్టరు తలెత్తకుండానే
"షుగరున్నాక తిమ్మిర్లు మామూలేనమ్మా" అని
అదే బిళ్ళ, పొద్దునొకటి రాత్రొకటి,
మళ్ళా రాశాడు.
పదకొండేళ్ళుగా అదే.
తెల్లగా, పొడుగ్గా,
సీసా మూత తీస్తే కొంచెం ఎండుచేపల వాసనతో.

దాన్ని తిట్టలేను.
మా అక్క బిళ్ళలొద్దని కాకరరసం తాగింది,
ఒంగోలు రిమ్స్‌లో మూడు కాలివేళ్ళు వదిలేసొచ్చింది.
నేనింకా పది వేళ్ళతో
పీటమీద కూర్చోనుండానంటే
ఆ బిళ్ళ పుణ్యమే.

అయినా
నిలవ ఆకులో దూరే పురుగు లాంటిది అనుమానం.
పైకి గుండుసూది బెజ్జమంతే కనిపిస్తది.

మస్తాన్‌వలి మందులషాపులో
ఎప్పుడూ కత్తెరతో పది బిళ్ళలు కత్తిరించిస్తాడు,
మడతపెట్టిన కాయితం పెట్టెలోనే ఉండిపోద్ది.
అదివ్వు అన్నా.
"ఇంతవరకూ ఎవరూ అడగలా పిన్నీ."
విప్పితే పొగాకంత అయింది,
చీమతలకాయంత అక్షరాలు.
సెల్లు దీపం పట్టి వెతికి వెతికి
"చాలాకాలం వాడితే
బి పన్నెండు తగ్గవచ్చు" అని చదివాడు.
తగ్గితే?
"చేతులూ కాళ్ళూ మొద్దుబారవచ్చు."

వచ్చు.
నాకు పొగాకు వచ్చు.
కట్ట కట్టడం వచ్చు, కూలి లెక్క వచ్చు.
ఆ కాయితంలో వచ్చుకి మాత్రం
ఏమీ వచ్చినట్టు లేదు.
షుగరు కావచ్చు, బిళ్ళ కావచ్చు,
మేస్త్రి అన్నట్టు వయసూ కావచ్చు.
మూడు గ్రేడుల ఆకు ఒకే కుప్ప పోసి
ఏరుకోమంటున్నారు,
ఏరే వేళ్ళు ముందే తీసేసుకుని.

కాయితం తీసుకెళ్ళి బల్లమీద పెట్టా.
అప్పుడు తలెత్తాడు డాక్టరు.
"పరీక్ష చేయిద్దాం" అన్నాడు, నిదానంగా.
రెండురోజుల కూలి పోసి నెత్తురిచ్చొచ్చా.
మోచేతి మడతలో సూది చురుక్కుమంటే
ప్రాణం లేచొచ్చింది.
అక్కడిదాకా నేనింకా ఉండా.
శనివారం చెప్తారంట.

రాత్రీ బిళ్ళ వేసుకున్నా.
ఆపమని కాయితంలో లేదు.
అక్క గుర్తొచ్చి నేనూ ఆపలా.

ఇయ్యాళ షెడ్డులో ఎవరూ చూడనప్పుడు
ఆకు ఒకటి తీసి చెంపకానించుకున్నా.
చల్లగా,
చంటిబిడ్డ చెవిలా మెత్తగా.
పదునుండాది.
రవణమ్మ చూడనే చూసింది,
"ముద్దు పెట్టుకుంటుండావా ఏంది దాన్ని?"
లేదే,
అడుగుతుండా అన్నా.