సరుకు: దుర్యోధనుడు

పగలు నాది ధర్మకాటా,
రాత్రి ధర్మరాజుల గుడి.
నడుమ మూడు కిలోమీటర్లు,
ఒక సైకిలు, ఒక క్యారియరు,
చల్లారిన సంగటి.

బంగారుపాళ్యం రోడ్డులో
మా కాటా మీదికి లారీ ఎక్కితే
అద్దం వెనక ఎర్రంకెలు వొణికి వొణికి నిలుస్తాయి.
నిండు బండి తూకం. ఖాళీ బండి తూకం.
తీసేస్తే మిగిలింది సరుకు.
పందొమ్మిదేళ్ళుగా ఈ తీసివేతే నాకు కూడు.

ఎండాకాలం భారతం పెట్టినప్పుడు
పద్దెనిమిదో దినానికి
అరవై అడుగుల దుర్యోధనుణ్ణి
మైదానంలో వెల్లకిలా పండబెట్టాల.
మా మేనమామ చేసేవాడు.
చేతులు అదరడం మొదలైనాక
"ఇంక నువ్వు చెయ్యి రా గంగులప్పా" అని
తాపీ నాకిచ్చి ఇంటికి పోయినాడు.
నేర్పింది అంతే.

ఐదు రాత్రులు. పదినించి నాలుగు దాకా.
ఆరుకి కాటా తెరవాల.
మా ఆడమనిషి అంటాది:
"దినమంతా లారీలకి, రేయంతా మట్టికి.
నాకేం మిగిలిందో తీసేసి చెప్పు."
లెక్క వచ్చు నాకు. నోరే రాలేదు.

ఈ యేడు చెరువు మట్టి పదకొండు ట్రాక్టర్లు.
దేశప్ప తోలుకొస్తా వుంటే
ఏం బుద్ధి పుట్టిందో, అర్ధరాత్రి షట్టరెత్తి
ఒక్కో ట్రాలీనీ కాటా ఎక్కించినా.
మొత్తం ముప్పై మూడు టన్నుల ఆరువందల కిలోలు.
సరుకు అనే గడి ఖాళీగా వదిలితే
మిషను చీటీ కక్కదు.
కొట్టినా: దుర్యోధనుడు.
పదకొండు సార్లు.

కడుపు సులువు. కాళ్ళు దేశప్పే పోసేస్తాడు.
మొహం దగ్గిరే గదా తంటా.
పక్కన నిలబడితే ముక్కు ఒక మిట్ట, అంతే.
మనిషి కనపడాలంటే
నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కాల.
ఎక్కి చూసి, దిగి చెక్కి, మళ్ళీ ఎక్కి,
రెండింటప్పుడు టార్చి వేస్తే
వాడే నన్ను చూస్తా వుంటాడు,
ఓడేది తెలిసీ మీసం దువ్వినోడు.
ఆ గడియలో నన్నెవరైనా కాటా ఎక్కించి వుంటే
అంకెలు నిలిచేవి కావు.

గురువారం మధ్యాహ్నం కుర్చీలోనే నిద్రపోయినా.
ఇటుకల లారీ హారను కొట్టి కొట్టి అలిసిపోయిందంట.
లేచి చూస్తే ఎదురుగా చెంగల్రాయ నాయుడు,
చేతిలో చీటీల కట్ట.
"ఇదేందయ్యా, ఈ సరుకు ఎవురిది?"
"ఊరిది సార్."
"చీటీకి అరవై. పదకొండుకి ఆరువందల అరవై."
జీతంలో పట్టుకున్నాడు.
న్యాయమే. ధర్మకాటా గదా.

ఆదివారం భీముడొచ్చినాడు,
కరెంటాఫీసు లైన్‌మన్ గజేంద్ర,
రెండు దినాలు సెలవు పెట్టి గద మోసుకొని.
ద్రౌపది టైలరు మునికృష్ణ.
కమ్మలు, గాజులు, విరబోసిన సవరం,
మెడలో తియ్యడం మరిచిన టేపు.
తొడలో నేను దాచిన కుండ మీద
గద పడింది.
ఎర్రనీళ్ళు. ఈలలు. జడ ముడి.

ఆ పైన జనం పడ్డారు మట్టి మీద,
గుప్పెడు చేలో చల్లితే పంట బాగుంటాదని.
పావుగంటలో చేతులు లేవు, చెవులు లేవు.
నాయుడు సారు కూడా పంచె ఎగ్గట్టి
కాలి బొటనవేలు పెకలించి సంచిలో వేసుకున్నాడు
మామిడి తోపుకని.
పదిహేడు కిలోలు వుంటాది.
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

సోమవారం ఆరుకి షట్టరెత్తినా.
గోళ్ళలో మట్టి అట్లే వుంది.
ఐదంకె మీట మీద వేలిముద్ర పడింది.
తమిళనాడు బండి, ఈ యేటి తొలి తోతాపురి.
"సరుకేందన్నా?" అని తెలిసీ అడిగి
కొట్టేముందు కాసేపు ఆగినా.

ఎడమ కనుబొమ్మ ఈసారి కుదర్లేదు.
కొంచెం పైకి పోయింది,
ఏదో వింత చూసినట్టు.
ఎవురూ కనుక్కోలేదు.
వచ్చే యేడు నిచ్చెన ఇంకో పక్క వెయ్యాల.