నాలుగడుగులు

టేపు పెట్టి కొలిచిన్రు.
వాళ్లది ఇనుప టేపు, నాది బట్ట టేపు.
రెండిట్ల నాలుగడుగులే వచ్చింది.

గట్ల పోయింది మా దుకాణం ముఖం, బడీచౌడిల:
అద్దాల బీరువా, గిరాకి కూసునే స్టూలు,
లింబాద్రి చెప్పులిడిచే జాగ.
పైసలిచ్చిన్రు, కాదనను.
మిగిలిన ముక్కల మిషను అడ్డం తిప్పి పెట్టుకున్న.
ఎనక్కి జరిగితే గోడ,
ముందుకు వంగితే గిరాకి మొకం.

ఇగ స్తంభం లేచింది.
నలుగురు పిల్లలు చేతులు కలుపుకున్నా
కౌగిలికి రాదది.
దాని నీడ పొద్దుగాల ఘేవర్‌చంద్ గాజుల కొట్ల,
పగటీలి నా సూది మీద,
మూడింటికి ఎదురుంగ లంగల దుకాణంల.
నీడ నన్ను దాటినంకనే సద్ది గిన్నె ఇప్పుత.

రైలొచ్చేముందు చప్పుడు రాదు,
డబ్బల గుండీలు కదుల్తయి.
గప్పుడు కాలు ఆపుత,
ఆరు కుట్లంత సేపు.
ఆపకుంటే అంచు వంకర పోతది.

రైలు మొదలైన నెలకే బందయింది, కరోనాల.
గా ఎండకాలం కుట్లు సాఫుగ పడేటియి,
కుట్టిచ్చుకునేటోళ్లే లేరు.
లింబాద్రి గా ఎండకాలమే పోయిండు.

నా నెత్తి మీదికెళ్లి పోతది గని
నేనెన్నడు ఎక్కలే.
చిక్కడపల్లిల అక్క ఉండె.
ఆమె ఉన్నన్నాళ్లు రైలు లేదు,
రైలొచ్చినంక ఆమె లేదు.

మొన్న నవనీత ఫోను చేసింది,
ముషీరాబాద్ పిల్ల, నర్సు ట్రైనింగు.
"అక్కా, నా ఆకుపచ్చ చీర!
దిగితే సూర్యాపేట బస్సు పోతది,
నువ్వే పైకి తెస్తవా? మూడో డబ్బల ఉంట."

కవర్ల మడత పెట్టుకోని పోయిన.
నడిచే మెట్ల అంచుకు పండ్లున్నయి,
కొంగు చుట్టుకోని రెండు చేతుల పట్టుకున్న,
నాది కాదు, కవర్ల చీరను గూడ.
టికెటంటె కాగితం ముక్క,
మీద నల్ల గడులు, జాకెటు గుడ్డ మీది బుటాలోలె.
గేటుకు గదే చదువొస్తదంట.

రైలాగింది.
తలుపుల నుంచి చెయ్యొచ్చింది,
యాభై నోటొచ్చింది, చీర పోయింది.
ఆరు కుట్లు.

గప్పుడు కిందికి చూసిన.
మా దుకాణం కప్పు.
ముఖం కొట్టేసిననాడు పాత బోర్డు పారెయ్యబుద్ధి గాక
లింబాద్రి దాన్నే రేకు లెక్క పరిసిండు,
వానకాగుతదని.
లోపల కూసుంటె నాకు కనపడేది దాని వీపే,
తుప్పు, రెండు మొలలు, ఒక బల్లి.
అక్షరాలు ఎటు పోయినయో ఎన్నడు యాదికి రాలే.

అక్షరాలు మొగులు దిక్కున్నయి.
ఎర్ర రంగు, దానెంట పసుపు నీడ,
మీద ఒక పిల్లగాని చెప్పు, చినిగిన పతంగి.
'అం' ను తుప్పు తిన్నది.
"బుజ ఫాల్స్, పికో."

బజార్ల నా పేరు ఎవలకెరుక?
పికో అక్క. ఘేవర్‌చందుకు సుత గంతే.
ఇన్నేండ్ల సంది
కాలేజీ పిల్లలు, బ్యాంకోళ్లు, ఎవలెవలో
కిటికీకాడ నిలబడి
నన్ను చదువుకుంట పోయిన్రన్నట్టు.

"పసుపు గీత దాటకమ్మా" అన్నడు గార్డు.
"గా బోర్డు ఎన్నడన్న చూసినవా బిడ్డా?"
"రోజు చూస్త. బుజ అంటె ఏంది,
సేటు పేరా?"

చెప్తనుకున్న. చెప్పలే.
నవ్వుకుంట గేటుకు మళ్ల కాగితం చూపిచ్చిన.

దిగొచ్చి మిషను కాడ కూసున్న.
డబ్బల గుండీలు కదిలినయి.
కాలు ఆపుడు మరిచిన.

మెరూన్ రంగు గద్వాల చీర, కొంగు కాడ
ఆరు కుట్లు వంకర.
గిరాకి చూడలే.
ఇప్పి మళ్ల కుడ్దునా అని
సూది ఎత్తి పట్టుకున్న కాసేపు.