తూము దగ్గర ఈశ్వరి

కాలువ కట్టేసిన ఎండల్లో మాకు గట్టుపని.
గన్నవరం అక్విడెక్టు దాటాక పాత తూము,
అక్కణ్ణించి కరెంటు స్తంభం దాకా నా వాటా.
తాడేసి కొలిచి, మస్టరు రాసేది పల్లాలమ్మ.

తూము రాళ్ళ మీద ఒక తీగ.
పోయినేడు మొదలంటా కొట్టింది నేనే.
రాతి సందులో వేరుందని ఎవరికి తెలుసు?
మళ్ళీ ఆకులు పెట్టింది,
నన్ను గుర్తుపట్టనట్టు.

ఈశ్వరి అంటారు. పాము మందంటారు.
మేక కూడా మూతి తిప్పుకుంటుంది.
ఆకు నలిపిన వేళ్ళతో అన్నం తిన్నానేమో
ఆ పూట ఆవకాయ కూడా చేదే.

ఆ చేదునే
కరకరా తింటోంది ఒక నల్లటి పురుగు,
ఒంటినిండా ఎర్ర బుడిపెలు,
నడుముకి తెల్ల పట్టీ.
తిన్న చేదు ఒంట్లోనే ఉండిపోతుందట,
రెక్కలొచ్చాక కూడా.
మా మేనకోడలు చెప్పింది.
అందుకే కాబోలు, తీగ మీది పసిరికపిట్ట
చూసీ చూడనట్టు ఊరుకుంది
ఎర్ర పొట్ట, నల్ల రెక్కల సీతాకోక
దాని ముక్కు ముందు నుంచే పోతుంటే.
తొందర లేదు దానికి.
అప్పు లేనివాడు సంతలో నడిచినట్టు పోయింది.

పెరటి కరివేపాకు మీద పుట్టేది ఇంకోటుంది.
కమ్మటి ఆకు తిని పెరిగి
ఆడవాటిలో కొన్ని
ఇదే ఎర్ర మచ్చల చీర కట్టుకు తిరుగుతాయి.
చేదు తినకుండానే చేదుకిచ్చే మర్యాద!
చెబితే పల్లాలమ్మ పగలబడి నవ్వింది.
"మా ఆయన ఖాకీ చొక్కా ఇంతే కదే.
లస్కరు పాతది ఇచ్చాడని తొడుక్కుని
రావులపాలెం బస్సులో ఒక్కనాడూ
టిక్కెట్టు తీసుకోలేదు."
నవ్వు ఆగాక
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
ఆయన పోయి రెండేళ్ళు.

తీగకి పైన, ఎండిన కాయలు
ఆరు బద్దలుగా విచ్చుకుని
ఆరు దారాల మీద వేలాడుతున్నాయి,
బొమ్మలింట్లో ఉట్టిలా.
గాలి ఊపితే చేపపొలుసుల్లాంటి గింజలు
ఎండిన కాలువలోకి.
జూన్‌లో నీళ్ళొదిలితే ఎక్కడ తేలతాయో.

కత్తి ఎత్తాను.
ఆకు అడుగున ఇంకా నాలుగు పురుగులు,
ఒకటి అప్పుడే
రాతికి నడుం కట్టుకుని వాలిపోయి ఉంది.

సాయంత్రం తాడు మళ్ళీ పడింది.
"రెండు గజాలు తగ్గిందేం?
ఏమని రాయను?"
రాళ్ళని రాయమన్నాను.
పల్లాలమ్మ తూము వైపు చూసి,
నా వైపు చూసి,
రాళ్ళు అని రాసింది.