శివారు

ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోండి, అన్నాను.
విల్ఫ్ హార్డ్‌కాసిల్ నవ్వాడు.
మంచం ఎక్కి మూడు వారాలైందట.
కుర్చీలోనే తెల్లవారుతోంది.
కాస్త వెనక్కి వాలితే చాలు,
గుండెల మీద ఎవరో తడి గోనె పరిచినట్టు
ఊపిరాడదట.

మేజోళ్ళు తీశాను.
అంచు బిగిసిన చోట కాలి చుట్టూ గాడి.
బొటనవేలితో నొక్కితే
దమ్ము చేసిన మడిలో అడుగు దిగినట్టు గుంట.
నేను ఇరవై లెక్కపెట్టేదాకా పూడలేదు.

బయట బింగ్లీలో వాన.
వాన అనడం కూడా ఎక్కువే,
ఆకాశం పిండని బట్టలా వేలాడుతోంది, అంతే.
జెల్లు చల్లగా ఉంటుంది, ఏమనుకోకండి, అన్నాను.
"పదిహేడుసార్లు కాలవలో పడ్డాను పిల్లా,
రెండుసార్లు జనవరిలో."

లాకుల మనిషి.
నలభై రెండేళ్ళు ఇక్కడి కాలవ మీద
తలుపులు తీసి, మూసి,
పడవల్ని మెట్టు మెట్టుగా కొండెక్కించాడు.
మా తాత కాకరపర్రు లాకుల దగ్గర లస్కరు.
ఆ సంగతి చెప్పలేదు.
ఒక్కొక్కరికి ఇరవై ఐదు నిమిషాలే నాకు.

తెర మీదికి గుండె వచ్చింది.
ఎడమ కింది గది
ఏళ్ళ తరబడి నీళ్ళు మోసి సాగిపోయిన తోలుతిత్తి.
నూరు చుక్కలు చేరితే అరవై నెట్టాలి.
ముప్ఫై నెడుతోంది.
తక్కినవి అక్కడక్కడే
సంత చెదిరినా ఇంటికి పోని జనంలా.

రంగుల మీట నొక్కాను.
నా వైపు వచ్చే నెత్తురు ఎరుపు,
నన్ను వదిలి పోయేది నీలం.
రెండు రెక్కలూ మూసుకున్నాయి.
మూసుకున్నాక కూడా
సందులోంచి నీలం చిమ్మింది
వెనక్కి,
వచ్చిన దారినే,
ఊపిరితిత్తుల మీదికి.

ఎగువన ముంపు. దిగువన ఎద్దడి.
శివారు భూములకి వంతు నీరు అందదు.
అందకపోయేసరికి మూత్రపిండాలు
ఈ ఏడు వానల్లేవు కాబోలనుకుంటాయి,
వాటికి ఎవరు చెప్పొచ్చారు,
చుక్క వదలకుండా దాచుకుంటాయి.
దాచిందంతా పాదాల్లో తేలుతుంది.

ఇదేదీ నేను చెప్పకూడదు.
కొలవడం, రాయడం వరకే నా పని.
చెప్పేది డాక్టరు.
మొహం మీద ఏమీ రాసుకోకుండా ఉండటం
నేర్చుకోవడానికి ఆరేళ్ళు పట్టింది.

"ఆ చప్పుడు కొంచెం పెంచు."
పెంచాను.
ఉస్... ఉస్... ఉస్...
కళ్ళు మూసుకుని విన్నాడు,
చెయ్యెత్తి నన్ను ఆగమని,
ఇంకో నాలుగు దెబ్బలు విన్నాడు.
"అంచులు కలవట్లేదు" అన్నాడు.
నేను తెరకేసి చూశాను.
తెరకేసే చూశాను.

"కారని తలుపుని నేనైతే చూడలేదు.
మరీ కారితే ఎగువన బొగ్గుబూడిద పోసేవాళ్ళం.
నీరే దాన్ని లాక్కుపోయి సందులో కూరుకునేది.
ఆ పూటకి గడిచేది.
మీ దగ్గరుందా అట్లాంటి బూడిద?"

నాలుక చివరిదాకా వచ్చింది.
ఒక క్లిప్పు ఉంది, వేలిగోరంత,
తొడ దగ్గరి నరంలోంచి పంపి
రెండు రెక్కల్నీ నడిమిన పట్టి ఉంచుతారు,
మీకు పనికి రావచ్చు, రాకపోవచ్చు.
"డాక్టరుగారిని అడగండి" అన్నాను.
"నేనూ పడవలవాళ్ళకి అదే చెప్పేవాణ్ణి,
ఇంజనీరుని అడగండని."

జెల్లు తుడిచాను.
వంగితే ఆయాసం, మేజోళ్ళు నేనే తొడిగాను,
గాడి మీద పడకుండా అంచు మడిచి.

సాయంత్రం బస్సు ఎక్కలేదు.
కాలవ గట్టున నడిచాను.
ఐదు మెట్ల లాకులు, మనిషి అలికిడి లేదు.
మూసిన తలుపు సందులోంచి సన్నటి ధార,
రోజంతా నా గదిలో మోగే చప్పుడే.

తాతకీ చివర్లో కాళ్ళకి నీరు పట్టింది.
కాలవ పని కదా,
తడిలో నిలబడి నిలబడి అన్నారు ఊళ్ళో.
ఉప్పు మానమన్నారు, వేడినీళ్ళ కాపడం పెట్టారు.
గుండె మాట ఎవరూ ఎత్తలేదు.
అరుగు మీద కూర్చుని తనే బొటనవేలితో
కాలు నొక్కి చూసుకునేవాడు.
ఆ గుంట ఎంతసేపటికి పూడేదో
ఎవరూ లెక్కపెట్టలేదు.