మంగళవారం ఆరింటికి

అర్ధరాత్రి పన్నెండు దాటగానే
మొదటి పది డాలర్లు ఒడీల్ తనే వేసింది.
ఖాళీ డబ్బాలో వేయడానికి
ఎవరికీ చెయ్యి రాదంది.

చర్చి కింది గదిలో మడత బల్లలు, నాలుగు ఫోన్లు.
గోడకి ప్లైవుడ్ మీద గీసిన వ్యాన్ బొమ్మ.
డబ్బు వచ్చినకొద్దీ
చక్రాల నుంచి పైకి ఎర్ర రంగు పూయాలి.
కప్పు అంటుకుంటే పద్దెనిమిది వేలు.
అంటే ఒక గేర్‌బాక్సు, నాలుగు మంచు టైర్లు, పనిచేసే హీటరు,
ఏడాది పాటు వారానికి మూడుసార్లు
మూడు గంటల దూరంలో రక్తం కడిగే యంత్రం దాకా
ఆరుగురు మనుషులు.

చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ముళ్ళు తీసిన చేతులు నావి.
డబ్బడగడం అంతకంటే కష్టం.
తొందరపడితే కండ చిరుగుతుంది.
అడగనిదే అమ్మైనా పెట్టదు, నిజమే,
కానీ అమ్మని అడగడం వేరు,
నా అప్పు ఇంకా తీర్చని ఎదురింటి జెర్వేని అడగడం వేరు.

మూడు వారాలు కూర్చుని రాసింది ఒడీల్ ఆ జాబితా.
ప్రతి పేరు పక్కనా
ఎంత ఇవ్వగలరో కాదు,
వాళ్ళింట్లో ఎవరు ఏ సీట్లో కూర్చున్నారో.
"మొత్తం చెప్పి భయపెట్టకు,
ఒక్క ప్రయాణం అడుగు. నలభై రెండు డాలర్లు."

పొద్దున ఏడింటికి పీతల పడవల నుంచి
లెయో-పోల్ రేడియోలో వాదించి పదకొండు ప్రయాణాలు తెచ్చాడు.
ఎనిమిదింటికి ఫెర్నాన్ మ్యూజ్‌కి చేశాను.
"నేను కట్టే పన్నులు ఏ గంగలో కలిశాయి?" అని
ఫోన్ పెట్టేశాడు.
పేరు మీద గీత కొట్టబోతే ఒడీల్ పెన్సిల్ పట్టుకుంది.
"కొట్టెయ్యకు. 'తర్వాత' అని రాయి."

మధ్యాహ్నం లోపు వందమంది ఇస్తే
తానో మూడు వేలు కలుపుతానన్నాడు కిరాణా కొట్టాయన.
పన్నెండుకి ఎనిమిది నిమిషాలుండగా తొంభై ఏడు.
అప్పుడు మెట్లు దిగారు బడి పిల్లలు ముగ్గురు,
ముక్కులు కారుతూ, చిల్లర పిడికిళ్ళతో.
ఏడేళ్ళవాళ్ళు లెక్కలోకి వస్తారా అని కొట్టాయన నసిగాడు.
"పేరుంది, డబ్బుంది. మనిషే," అంది ఒడీల్.

తర్వాత, ఏమీ లేదు.
రెండు నుంచి అయిదు దాకా ఒక్క ఫోనూ మోగలేదు.
కొండ మీంచి సుయెత్ గాలి దిగింది,
కరెంటు తీగల్ని పట్టుకుని ఊపింది, పోయింది కరెంటు.
చీకట్లో ఫోన్ల బ్యాటరీలు ఒక్కొక్కటే వాడిపోతుంటే
బయట నిలబెట్టిన ముసలి వ్యాన్ తలుపు తీసి
తీగలు లోపలికి లాగాం.
గేరు పడని బండి
తన కోసం తనే అడుక్కుంది ఆ సాయంత్రమంతా.

తొమ్మిదీ పదికి కప్పు అంటుకుంది రంగు.
దెల్ఫీన్ ఏడ్చింది, ఎవరో కేకు కోశారు,
నా మోచేతి దాకా ఎరుపు.
ఇచ్చినవాళ్ళందరికీ ఈ రాత్రే ధన్యవాదాలు రాయాలని
ఒడీల్ కవర్ల కట్ట తీసింది.
రెండువందల పద్నాలుగు.
కేకు తిన్న చేతుల్తో కవర్లు ముట్టుకోవద్దంది.

పన్నెండుకి ఇరవై నిమిషాలుండగా మోగింది.
గొంతు గుర్తుపట్టాను.
చాలాసేపు గాలి చప్పుడే.
డబ్బు గురించి కాదన్నాడు ఫెర్నాన్.
డాక్టరు కాగితం వారం నుంచీ ఫ్రిజ్ మీద ఉందన్నాడు.
"ఆ బండి... మంగళవారం ఎన్నింటికి?"

'తర్వాత' అన్న మాట మీద వేలు పెట్టుకుని చెప్పాను.
"ఆరింటికి. మీ గేటు దగ్గరికే వస్తుంది.
దుప్పటి తెచ్చుకో,
హీటరు బాగయ్యేసరికి ఇంకో పది రోజులు."