అటక

మన్నడిలో మూడో అంతస్తు.
కింద ఇనుప సామాన్ల కొట్లు షట్టర్లు దించేశాయి,
పైన మాకు నెలాఖరు.
పదకొండూ నలభైకి సర్వర్ ముక్కింది:
వర్చువల్ మెమరీ చాలడం లేదట.
తెల్లారి హార్బర్‌లో లంగరెత్తే ఓడకి
నూట పన్నెండు కంటైనర్ల కాగితాలు దాని పొట్టలోనే ఉన్నాయి.

చిత్రం, ర్యామ్ సగం ఖాళీ.
నగరి నుంచి రోజూ రైల్లో వచ్చే జిలానీ
తెర మీద వేలు పెట్టి మరీ చూపించాడు.
"ఏందక్కా, ఇంత జాగా పెట్టుకోని లేదంటా ఉండాది?"

జాగా కాదు జిలానీ, మాటలు.
అడిగిన ప్రతి ప్రోగ్రామ్‌కీ ఇస్తానని మాటిస్తుంది యంత్రం.
వాళ్ళు వాడుకున్నా మానినా, మాట మాటే.
ర్యామ్ పదహారు, డిస్కులో పేజ్ ఫైల్ నాలుగు,
వెరసి ఇరవై జీబీ.
ఇరవై దాకా మాటలిచ్చేసింది.
ఆ తర్వాత ఒకడొచ్చి చెయ్యి చాపితే
ఇస్తానని బొంకడం చేతకాక
లేదంది. అంతే.

"పేజ్ ఫైలంటే?"
మీ ఇంట్లో అటకుందా?
"ఉండాది. గుండిగలు, చెడిపోయిన ఫ్యాను, మా జేజి గొడుగు."
అదే. రోజూ అక్కర్లేనివి పైకి.
కావాలంటే నిచ్చెన వేసుకోవాలి, ఆలస్యమవుతుంది,
అయినా ఉందన్న ధైర్యం.
నిచ్చెన ఎక్కడం దిగడంతోనే పొద్దు గడిచిపోతుంటే మాత్రం
పెంచాల్సింది అటకని కాదు, గదిని.

వాడికలా చెప్పాను.
నాకు నేను ఇంకోలా చెప్పుకుంటాను.

రెండు మలుపుల అవతల సేటు కొట్టు.
మార్చిలో అక్కడ పెట్టిన గొలుసు నాదే.
నా మెడలో లేదు.
ఆ రెండు వాక్యాల మధ్య నడిచేదాన్ని వడ్డీ అంటాడు సేటు.
యంత్రం దాన్ని నిదానం అంటుంది.

ర్యాక్ తలుపు లోపల పసుప్పచ్చ కాగితం,
రిటైరైన తిరువేంగళం గారి గుండ్రటి చేతిరాత:
"ర్యామ్‌కి ఒకటిన్నర రెట్లు. మార్చరాదు."
కానీ ఎవరో మార్చారు, డిస్కులో చోటు మిగుల్చుకుందామని.
అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
ఎవరో అంటే ఇద్దరమేగా.
సరే, నేనే. పోయిన దీపావళి ముందు.

జాబితాని కమిట్ వరసలో పేర్చితే
అన్నిటికన్నా పైన లేబుళ్ళు అచ్చేసే సర్వీసు.
నలభై రోజులుగా నడుస్తోంది, తొమ్మిది జీబీ పుచ్చుకుంది,
ఒక్క పేజీ తిరిగివ్వలేదు.
ఇలాంటివాణ్ణి నేనొకణ్ణి ఎరుగుదును,
పేరు ఈ కవితలో వద్దు.
వీడి కోసం పేజ్ ఫైల్ పెంచడమంటే
ఎగ్గొట్టేవాడికి కొత్త అప్పు పుట్టించి పెట్టడమే.
ముందు వీణ్ణి ఆపాను.
ఓడ కాగితాలు కదిలాయి.

ఆ తర్వాతే, పెద్దాయన మాట మీద గౌరవం కొద్దీ
పెట్టెలో అంకె కొట్టాను: 24576.
ఆరంభం అదే, గరిష్ఠం అదే.
మధ్యలో పెరగడాలూ తరగడాలూ వద్దు, నాకు నిద్ర కావాలి.

మూడూ యాభైకి రీస్టార్ట్.
ఇచ్చిన మాటలన్నీ రద్దు.
ఎవరికీ ఏమీ బాకీలేని ఆ నాలుగు నిమిషాలు
నల్లటి తెర మీద నా మొహం ఒక్కటే ఉంది.
బోసి మెడ కూడా కనిపించింది.

మళ్ళీ లేచింది. నలభైలో ఐదు.
జిలానీ యూపీఎస్ బ్యాటరీల పెట్టెకి ఆనుకుని
మొదటి రైలు దాకా కునుకు తీస్తున్నాడు.

దిగి నడిచాను. రెండు మలుపులు.
సేటు పదింటికి గానీ తీయడు,
తీసినా ఇవాళ నా దగ్గర డబ్బు లేదు.
షట్టరు ముందు కాసేపు నిలబడ్డాను.
చీటీ బ్యాగులో ఎక్కడో అడుగున ఉంది,
నంబరు మాత్రం నోటికే వచ్చు.
దాన్నొక్కదాన్నీ
అటకెక్కించలేదు.