చేటెడు కొండ

నూట పన్నెండు మెట్లెక్కితే మా ఇల్లు.
క్రీస్తురాజపురం కొండ,
రైలు కూత కిందనుంచి పైకి వచ్చే చోటు.

పొద్దున్నే వెనక గోడ వారన
ఎర్రమట్టి రాలి ఉంటుంది, సరిగ్గా చేటెడు.
రాత్రి గాలి లేదు, పిల్లి కూడా తిరగలేదు.
మా అత్త సువార్తమ్మ చీపురు దులిపి
"వచ్చావా" అంటుంది దాన్ని,
అలిగెళ్ళి తిరిగొచ్చిన ఆడపడుచుని అడిగినట్టు.
చేటలోకి ఎత్తి, డ్రైనులో పోసి,
టీ పెడుతుంది.

నేను కాపురానికొచ్చిన ఏడాదే
తలుపు పడడం మానేసింది.
ఆశీర్వాదం బాబాయి చిత్రిక పట్టి, గడియ వేసి చూపించి
రెండొందలు తీసుకున్నాడు.
వానాకాలం పోయాక మళ్ళీ పట్టేసింది.
మళ్ళీ చిత్రిక. అలా ఏడేళ్ళు.
పోయిన క్రిస్మస్ ముందు చెక్కంతా తడిమి చూసి
"తలుపుదేం తప్పు లేదమ్మాయ్,
గుమ్మం నడుస్తోంది" అన్నాడు.
ఆ రోజు డబ్బులు తీసుకోలేదు.

అప్పట్నుంచి అన్నీ కనిపించడం మొదలైంది.
కరెంటు స్తంభం బెజవాడ వైపు ఒరిగి ఉంది.
కానుగ చెట్టు మొదట్లో మోకాలిలా వంగి
ఆ పైన నిటారుగా లేచింది.
జారిన ప్రతి ఏడూ
ఆకాశం ఎటుందో మళ్ళీ వెతుక్కుందన్నమాట.

కొండంటే రాయి అనుకుంటాం.
మా వెనక గుండుని గోటితో గీకితే
సున్నుండలా పొడి రాలుతుంది.
రోహిణి ఎండకి పగిలి, ముసురుకి నాని,
వేరు దూరి, చీమ దూరి, ఇలా అయింది.
అందులో కరగనివి ఎర్రపూసలు మాత్రం,
దానిమ్మ గింజల్లో సగం ఉంటాయి.
మా చిన్నది కెజియా అగ్గిపెట్టెలో దాచుకుంటుంది.
"కొండ పళ్ళు" అంటుంది.

భాద్రపదంలో నాలుగు రోజులు వాన వదల్లేదు.
ఐదో రాత్రి ముందు వాసన వచ్చింది,
తెగిన వేళ్ళ వాసన.
చప్పుడు ఆ తర్వాత.
తెల్లారేసరికి పై వరస జకరయ్య వాళ్ళ వంటిల్లు
మా పెరట్లో ఉంది.
గ్యాస్ బండ నిలబడే ఉంది.
కుక్కర్ మూత ఊడలేదు, లోపల పప్పు.
వాళ్ళు కింద ప్రార్థనకెళ్ళి వానకి అక్కడే ఆగిపోయారు.
ఆ పప్పు ఎవరం తినలేకపోయాం,
పారేయనూ లేకపోయాం.

ఇంజనీరు వచ్చి గొడుగు కింద నిలబడి
"వాన ఎక్కువైందమ్మా" అన్నాడు.
"వాన ఎప్పుడూ ఉండేదే బాబూ,
ఈ గది కోసం గడ్డపార పట్టి
కొండ పాదం కోసింది నేనూ మా ఆయనా.
పాదం కోస్తే ఎవరు మాత్రం నిలబడతారు?"
అత్త గొంతులో ఏడుపు లేదు.
లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది.
ఆయన రాసుకోలేదు.

దీపావళి దాటాక కాంక్రీటు గోడ కట్టారు,
రెండు మనుషుల ఎత్తు, నున్నగా.
నీళ్ళు కారే గొట్టాలు ఏవని ఆశీర్వాదం అడిగితే
ఎస్టిమేట్‌లో లేవన్నారు.
కొబ్బరికాయ మాత్రం కొట్టారు.

ఇవాళ్టికి పదకొండు రోజులు.
పొద్దున్నే వెనక్కి వెళితే
నేల శుభ్రంగా ఉంటుంది, ఒక్క రవ్వ లేదు.
అత్త ఖాళీ చేట చంకలో పెట్టుకుని
గోడకి చెవి ఆనిస్తుంది.
"ఏం వినిపిస్తోంది?" అంటాను.
చేత్తో ఆగమంటుంది.

టీ పొంగి పొయ్యి ఆరిపోయింది.